రూబీ మా ఇంటికి వచ్చిన క్రిస్మస్



"మీ అమ్మాయి కుక్కను వెంటబెట్టుకొని మందిరానికి వచ్చిందట, నిజమేనా?" అని ఈ మధ్య మమ్మల్ని చాలామంది అడుగుతున్నారు. చిలకలూరిపేటలో ఎరువుల కొట్టు దగ్గర అడిగారు. ఒంగోలులో బంధువుల పెండ్లికి వెళితే భోజనాల వరుసలో అడిగారు. కొందరు నవ్వుతూ అడిగారు, కొందరు నొచ్చుకుంటూ అడిగారు. నిలబడి రెండు ముక్కల్లో చెప్పగలిగిన సంగతి కాదు. అందుకని భార్యాభర్తలము ఇద్దరము కూర్చుని, జరిగినది జరిగినట్లు వ్రాస్తున్నాము. ఇందులో కుక్క సంగతి కొంత, మా తప్పు సంగతి కొంత ఉన్నది.

మాది గుంటూరు, ప్రకాశం జిల్లాలు కలిసేచోట ఒక నల్లరేగడి పల్లె. 2022లో జిల్లాలను విడగొట్టిన తరువాత కాగితాల మీద మా జిల్లా పేరు మారింది గాని, చేలో పత్తీ మిరపా మారలేదు. మాకు ఇద్దరు బిడ్డలు. మొదట బాబు, తరువాత పాప. పాప 1993లో పుట్టింది. రెండేండ్లు వచ్చేవరకు బాగా చూచేది. సాయంత్రం పూట కొంగల బారు కనబడితే వేలు పెట్టి చూపించి కేరింతలు కొట్టేది.

1995లో ఊళ్ళో పిల్లలకు తట్టు పోసింది. పాపకూ పోసింది. జ్వరం తగ్గింది గాని బిడ్డ కండ్లు విప్పలేదు. తట్టు బిడ్డ ఒంట్లో ఉన్న ఎ విటమినును హరించివేస్తుందనీ, అసలే అది తక్కువగా ఉన్న బిడ్డకు నల్లగ్రుడ్డు మీద పుండు పడి చూపు పోవచ్చుననీ డాక్టర్లు తరువాత చెప్పారు. మేము హైదరాబాదు తీసుకొని వెళ్ళేసరికి రెండు కండ్లూ తెల్లబడిపోయినవి. తట్టు టీకా మన దేశంలో 1985 నుండి పిల్లలకు వేస్తూనే ఉన్నారు. మా ఊరికీ నర్సమ్మ వచ్చింది. ఆ రోజు పత్తికి పురుగుమందు కొట్టే పని ఉన్నది. వచ్చే నెల వేయించవచ్చులే అనుకున్నాము. వచ్చే నెల కూడా ఏదో పని ఉన్నది. ఈ మాట ఇన్నేండ్లుగా మేమిద్దరము ఒకరితో ఒకరము అనుకోలేదు. ఇప్పుడు ఇక్కడ వ్రాస్తున్నాము.

ఆనాటి నుండి పాప మణికట్టు మా చేతిలోనే ఉన్నది. అంధుల పాఠశాల హాస్టలులో చేర్పించినప్పుడు తప్ప దాన్ని మేము వదలలేదు. అక్కడ పాప వేళ్ళతో బ్రెయిలీ చదవడం నేర్చుకొన్నది, ఇంటరు చదివింది, గుంటూరులో డిగ్రీ చదివింది, తెర మీది అక్షరాలను చదివి వినిపించే కంప్యూటరు మీద పని నేర్చుకొన్నది. సెలవులకు ఇంటికి వస్తే మాత్రం మళ్ళీ మా చెయ్యే. వసారాలో నుండి బావి దగ్గరకు వెళ్ళాలన్నా మాలో ఒకరు లేచేవాళ్ళము. "పడతావు తల్లీ, ఉండు" అనేవాళ్ళము. పాప ఎదురు చెప్పేది కాదు. అది ప్రేమ అనే అనుకున్నాము. ఊరంతా కూడా అలాగే మెచ్చుకొన్నది.

2017లో పై చదువుకు పాపకు అమెరికాలో సీటు వచ్చింది. శంషాబాదు విమానాశ్రయంలో సాగనంపేవారిని లోపలికి రానివ్వరు గనుక గుమ్మం దగ్గర చెయ్యి వదలవలసి వచ్చింది. పాప తెల్ల చేతికర్ర విప్పుకొని, ఉద్యోగి ఒకామె మోచెయ్యి పట్టుకొని లోపలికి వెళ్ళిపోయింది. తిరిగి వచ్చేటప్పుడు కారులో మేము నరసరావుపేట దాకా మాట్లాడుకోలేదు.

చదువు అయింది. న్యూజెర్సీలో ఉద్యోగం వచ్చింది. 2022లో ఒకనాడు ఫోనులో, "నాన్నా, నాకొక కుక్కను ఇస్తున్నారు" అన్నది.

"కాపలాకా తల్లీ?"

"కాదు నాన్నా, నడవడానికి."

మాకు అర్థం కాలేదు. మన వైపు కుక్క అంటే వాకిట్లో ఉండేది, చేలో పందుల్ని తరిమేది. కుక్కను పట్టుకొని బిడ్డ రోడ్డు దాటడం ఏమిటని ఆ రాత్రి ఇద్దరికీ నిద్ర పట్టలేదు.

2023 వేసవిలో పాప మమ్మల్ని పిలిపించుకొన్నది. పత్తి విత్తే పని బాబుకు అప్పగించి వెళ్ళాము. తలుపు తెరవగానే పాప పక్కన లేత గోధుమరంగు లాబ్రడార్ కుక్క తోక ఊపుతూ నిలబడి ఉన్నది. పేరు రూబీ. అది ఇంట్లోనే పడుకుంటుందనీ, పాపతోబాటు ఆఫీసుకూ, కొట్టుకూ, హోటలుకూ, మందిరానికీ వెళుతుందనీ విని ముఖముఖాలు చూచుకొన్నాము.

ఒకనాటి సాయంత్రం పాప ఈ కుక్కల చరిత్ర అంతా మాకు చెప్పింది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఎంతోమంది సైనికులు చూపు పోగొట్టుకొన్నారు. వారి కోసం 1916లో జర్మనీలోని ఓల్డెన్‌బర్గ్ పట్టణంలో దారి నడిపే కుక్కల బడి ఒకటి తెరిచారు. ఆ పనిని స్విట్జర్లాండులో ఉంటున్న డొరొతీ యూస్టిస్ అనే అమెరికా స్త్రీ చూచి 1927లో ఒక అమెరికా పత్రికకు వ్యాసం వ్రాసింది. టెనెసీ రాష్ట్రంలో మోరిస్ ఫ్రాంక్ అనే చూపులేని యువకునికి ఆ వ్యాసాన్ని చదివి వినిపించినది అతని తండ్రి. కొడుకు వెంటనే ఆమెకు ఉత్తరం పెట్టి, 1928లో స్విట్జర్లాండు వెళ్ళి బడ్డీ అనే కుక్కతో తిరిగి వచ్చాడు. విలేకరులు చూస్తుండగా న్యూయార్కులో వాహనాలతో క్రిక్కిరిసిన వీధిని ఆ కుక్కతో దాటాడు. మరుసటి యేడు, 1929లో, ఆ ఇద్దరూ కలిసి ది సీయింగ్ ఐ అనే సంస్థను ప్రారంభించారు. అది ఇప్పుడు న్యూజెర్సీలోని మోరిస్‌టౌన్‌లో ఉన్నది. రూబీ వచ్చింది అక్కడి నుండే.

కొడుకును ఇంట్లో కూర్చోబెట్టి జాలిపడకుండా ఆ వ్యాసం చదివి వినిపించిన తండ్రి సంగతి వింటూ మేము తల వంచుకొన్నాము.

ఆ కుక్కలను ఎలా తయారు చేస్తారో కూడా వినదగినదే. పాలు మరిచిన పిల్లను ముందుగా ఏదో ఒక కుటుంబానికి అప్పగిస్తారు. వారు దానిని ఏడాదికి పైగా సొంత బిడ్డలాగా పెంచి, మనుషుల మధ్య మర్యాదగా మెలగడం నేర్పి, తిరిగి అప్పగించివేస్తారు. అందుకు వారు జీతం తీసుకోరు. తరువాత బడిలో నాలుగు నెలలపాటు అసలు శిక్షణ. ఆ తరువాత చూపులేని వ్యక్తి వచ్చి మూడు నాలుగు వారాలు అక్కడే ఉండి కుక్కతో నడవడం నేర్చుకుంటారు. మొదటి కుక్కకు ఇవ్వవలసినది 150 డాలర్లు. బస, భోజనం, శిక్షణ, కుక్క అన్నీ అందులోనే. మిగిలిన ఖర్చు దాతలు పెట్టుకుంటారు.

ఒక ఉదయం పాప మమ్మల్ని మందిరానికి నడిపించుకొని వెళ్ళింది. రూబీ ఎడమ పక్కన నడుస్తున్నది. దాని ఒంటికి తోలు పట్టీలు, వీపు మీద గట్టి పిడి. పాప ఎడమ చేత్తో ఆ పిడి పట్టుకొన్నది. "కుక్కకు దారి బాగా తెలిసినట్లున్నదే" అన్నాము.

పాప నవ్వింది. "దానికి దారి తెలియదమ్మా. దారి నాకు తెలియాలి. ఎన్ని వీధులు దాటాలో, ఎక్కడ తిరగాలో నేను లెక్క పెట్టుకొని చెబుతాను. మెట్టు వస్తే అది ఆగుతుంది, స్తంభం అడ్డం వస్తే చుట్టూ తిప్పుతుంది. సిగ్నలు దీపం చూచి అది దాటదు. కార్ల చప్పుడు విని ఎప్పుడు దాటాలో నేనే నిర్ణయిస్తాను."

అలా అంటుండగానే ఒక మూల వచ్చింది. పాప చెవి పెట్టి వింది. మాకూ ఏమీ వినబడలేదు. "ఫార్వర్డ్" అన్నది. రూబీ కదలలేదు. మళ్ళీ అనబోయేలోగా చప్పుడు లేని బ్యాటరీ కారు ఒకటి మా ముందు నుండి మలుపు తిరిగి వెళ్ళిపోయింది. మా గుండెలు ఆగినంత పనైంది. పాప మాత్రం వంగి, "మంచిదానివి" అని దాని మెడ నిమిరింది. చెప్పిన మాట వినడం ఎంత నేర్పుతారో, ప్రమాదం ఉన్నప్పుడు చెప్పిన మాట వినకపోవడం కూడా అంతగానూ నేర్పుతారట.

ఇంకొక సంగతి. మన అలవాటు కొద్దీ భోజనం దగ్గర రూబీకి కోడి ముక్క ఒకటి విసిరాము. పాపకు కోపం రావడం మేము చూచింది అదే మొదటిసారి. "మీరు ప్రేమతోనే పెట్టారు. కాని రేపు హోటలులో ఎవరి పళ్ళెం వైపో అది చూపు తిప్పితే నేను మెట్ల మీద పడతాను" అన్నది. పట్టీ వేసి ఉన్నంతసేపు దానిని ముట్టుకోకూడదు, పిలువకూడదు, తిండి పెట్టకూడదు. పట్టీ విప్పిన తరువాత అదీ అన్ని కుక్కల్లాగే ఆడుకొంటుంది.

2024 క్రిస్మసుకు వస్తానని పాప అన్నప్పుడు, "రూబీని అక్కడ ఎవరికైనా అప్పగించి రా తల్లీ" అన్నాము. "అయితే ఊళ్ళో నన్నెవరు నడిపిస్తారు?" అన్నది. "మేము లేమా?" అన్నాము. కొంచెంసేపు ఊరుకొని, "అందుకే నాన్నా తెస్తున్నాను" అన్నది. ఆ మాట మాకు ముల్లులాగా గుచ్చుకొన్నది.

కుక్కతో దేశం దాటడం మనం టిక్కెట్టు కొని ఎక్కినట్లు కాదు. రూబీ చర్మం క్రింద బియ్యపు గింజంత చిప్పు ఉన్నది, దానిలో దాని నంబరు. పిచ్చికుక్క రోగం రాకుండా వేసిన టీకా కాగితము, పశువుల డాక్టరు ఇచ్చిన ఆరోగ్య పత్రము, మన ప్రభుత్వపు జంతు క్వారంటైను శాఖవారి అనుమతి ఉండాలి. అమెరికాకు తిరిగి వెళ్ళడం మరీ కష్టం. ఈ రోగం ఎక్కువగా ఉన్న దేశాల పట్టికలో వారు మన దేశాన్ని ఉంచారు. 2024 ఆగస్టు 1 నుండి వచ్చిన కొత్త నిబంధన ప్రకారం, టీకా అమెరికాలోనే వేయించినట్లు ప్రభుత్వ ముద్ర పడిన పత్రం బయలుదేరక ముందే చేతిలో ఉండాలి. ఆ కాగితం మరిచి వస్తే తిరిగి వెళ్ళేటప్పుడు పెద్ద చిక్కు. పాప ఈ పత్రాలన్నీ ఒక సంచిలో పెట్టి, ప్రతి దాని మీద బ్రెయిలీలో గుర్తు అతికించుకొన్నది.

విమానంలో రూబీ పాప కాళ్ళ దగ్గరే పడుకొన్నది. బోనులో వేయలేదు. పని నేర్చిన కుక్కలకు అక్కడి విమానాల్లో ఈ హక్కు ఉన్నది. ఎనిమిది గంటలు మించిన ప్రయాణమైతే, దారిలో కుక్క విమానాన్ని పాడు చేయదని వ్రాసి ఇమ్మని అడుగుతారట. న్యూయార్కు నుండి ఢిల్లీకి ఎనిమిది కాదు, పధ్నాలుగు గంటలు దాటుతుంది. ముందురోజు నుండి దానికి తిండీ నీళ్ళూ కొలిచి పెట్టి, ఎక్కే ముందు విమానాశ్రయంలో కుక్కల కోసం ఉంచిన గదిలో తిప్పి తెచ్చింది. ఢిల్లీలో దిగిన తరువాత ప్రభుత్వ పశువైద్యుడు వచ్చి చిప్పు నంబరు, పత్రాలు సరిచూచి పంపించాడు. అక్కడి నుండి గన్నవరానికి మరో విమానం.

గన్నవరంలో మేము ఎదురు వెళ్ళాము. పాప బయటకు వస్తుంటే జనం ప్రక్కకు జరిగి దారి ఇచ్చారు. మేము ముందుకు వెళ్ళి అలవాటు ప్రకారం మణికట్టు పట్టుకొన్నాము. పాప మెల్లగా విడిపించుకొని, మా చెయ్యి తన చేతిలోకి తీసుకొని ముద్దు పెట్టి, వదిలేసింది.

ఊళ్ళో రూబీకి మొదటి రోజే పేరు మారింది. మా పేటలో ఇద్దరు రూబమ్మలు ఉన్నారు. ఇది మూడో రూబమ్మ అయింది. అసలు రూబమ్మల్లో పెద్దామె మొదట మూతి ముడిచింది గాని, తరువాత "నా పేరుది ఏం తిన్నది?" అని ప్రతిరోజూ అడిగి వెళ్ళేది.

రూబీకి కష్టాలు లేకపోలేదు. అమెరికాలో నడిచేవారికి వేరే బాట ఉన్నది. ఇక్కడ రోడ్డు అంచునే ఎద్దు, ట్రాక్టరు, ఆటో, ఆరబోసిన జొన్నలు. వీధికుక్కలు గుంపుగా మీదికి వచ్చేవి. పేట పిల్లలకు పాప చెప్పింది: "రాళ్ళు వేయవద్దురా, రాళ్ళు వేస్తే ఇంకా మీదికి వస్తాయి. మీరు మధ్యలో నిలబడండి చాలు." ఆ రోజు నుండి నలుగురు పిల్లలు ముందు ఇద్దరు, వెనుక ఇద్దరు కావలి నడిచారు. మిరప కల్లం దగ్గర ఘాటుకు రూబీ తుమ్ములు ఆపలేకపోయింది. ప్రతి సాయంత్రం పాప దాని కాళ్ళు కడిగి, చెవుల్లో, వేళ్ళ సందుల్లో పిడుదులు ఉన్నాయేమో తడిమి చూచుకొనేది. ఒకరోజు చిలకలూరిపేట వెళ్ళబోతే బస్సు కండక్టరు కుక్కను ఎక్కనివ్వలేదు. పాప గొడవ పడలేదు. ఆటోలో వెళ్ళింది.

మందిరం దగ్గర మాత్రం మాట పెద్దదయింది. క్రిస్మసుకు రెండు రోజుల ముందు సంఘ పెద్దలు ముగ్గురు మా ఇంటికి వచ్చారు. మంచివారే, మా బంధువులే. "అన్నయ్యా, పాప మన బిడ్డ. కాని కుక్క మందిరంలోకి రావడం బాగుండదు. చెప్పులే బయట విడుస్తాము గదా. దాన్ని వేపచెట్టుకు కట్టేద్దాము. పాపను మా ఆడపిల్లలు చెయ్యి పట్టి తెస్తారు" అన్నారు. న్యాయంగానే కనబడింది. నిజం చెప్పాలంటే మేమూ అదే అనుకొంటున్నాము. సరేనని తల ఊపాము.

పాప లోపలి నుండి వచ్చి నిలబడింది. "బాబాయ్, కోపంతో అనడం లేదు. రూబీని చెట్టుకు కడితే నా కండ్లు చెట్టుకు కట్టినట్లే. అది బయట ఉంటే నేనూ దాని పక్కనే కూర్చుని ఆరాధన వింటాను. మైకు ఉన్నది గదా, వినబడుతుంది" అన్నది.

ఎవరూ మాట్లాడలేదు. అప్పుడు అరుగు మీద కూర్చున్న మా అమ్మమ్మ వరుస ముసలామె, ఎనభై దాటిన మనిషి, అన్నది: "ఒరే, మా నాయన ఊళ్ళోకి వెళితే హోటలు బయట నిలబెట్టి పై నుండి దోసిట్లో నీళ్ళు పోసేవాళ్ళురా. లోపలికి రమ్మన్న మొదటి గుమ్మం మన మందిరం గుమ్మమే. ఆ గుమ్మం బయట మన పిల్లనే కూర్చోబెడతారా?"

పెద్దలలో ఒకాయన కండ్లు తుడుచుకొన్నాడు. అయ్యగారిని అడిగారు. చూపులేనివారి దారిలో అడ్డు పెట్టకూడదని మోషే ధర్మశాస్త్రంలోనే ఉన్నది గదా, మనం ఎందుకు అడ్డు పెట్టాలి అని అయ్యగారు అన్నారు. క్రిస్మసు రాత్రి స్త్రీల వైపు చివర, గోడ ప్రక్కన పాత చాప ఒకటి వేశారు. రూబీ కాళ్ళు తుడిచి తెచ్చింది పాప. పాటలకు తబలా, కంజీర మోగినప్పుడు రూబీ ఒక చెవి ఎత్తింది. ప్రసంగం మొదలుకాగానే నిద్రపోయింది. ఆ రాత్రి ప్రసంగంలో నిద్రపోయినది అదొక్కటే కాదని అయ్యగారే తరువాత నవ్వుతూ అన్నారు.

ఇక మేము ముఖ్యంగా చెప్పదలచిన సంగతి. జనవరి మొదటి వారంలో మొదటి కోత మిరప కాయను చేలో కల్లం మీద ఆరబోశాము. చేను ఇంటికి మైలు దూరం. ముందురోజు రాత్రి పాప, "రేపు నేనూ రూబీ చేనికి వస్తాము. మీరు ముందు వెళ్ళవద్దు, వెనుక రావద్దు. నాకు దారి చెప్పండి" అన్నది.

"దారిదేముంది తల్లీ, డొంక వెంబడి నేరుగా వెళ్ళడమే" అన్నాము.

"డొంక ఎక్కడ మొదలవుతుంది నాన్నా? అక్కడికి ఏ చప్పుడు గుర్తు? కాలి క్రింద తారు ఎక్కడ ఆగి మట్టి వస్తుంది? కాలువకు ముందు తిరగాలా, దాటి తిరగాలా?"

మేము చెప్పలేకపోయాము. నలభై యేండ్లు రోజుకు రెండుసార్లు నడిచిన దారి అది. కండ్లతో నడిచాము గనుక నోటితో చెప్పడానికి మా దగ్గర ఏమీ లేదు. ముప్పై యేండ్ల బిడ్డకు మా చేను దారి మేము ఒక్కసారైనా చెప్పలేదని అప్పుడు తెలిసింది. చెయ్యి ఇచ్చాము, ఎత్తుకొన్నాము, మోశాము. దారి మాత్రం ఇవ్వలేదు. టీకా వేయించని తప్పుకు ఇన్నేండ్లుగా మణికట్టు పట్టుకొని పరిహారం చేస్తున్నామనుకొన్నాము. ఆ పట్టుకోవడం మా భయం కోసమే గాని బిడ్డ కోసం కాదు.

ఆ రాత్రి లాంతరు పట్టుకొని ఇద్దరము దారి వెంట వెళ్ళాము. ఈసారి కండ్లు మూసుకొని ఒకరి భుజం ఒకరు పట్టుకొని నడిచాము. ఎవరైనా చూస్తే పిచ్చివాళ్ళు అనుకొనేవారు. అరుగు దిగిన తరువాత కుడికి నలభై అడుగులు వేస్తే చింతచెట్టు, దాని క్రింద నేల మెత్తగా ఉంటుంది. అక్కడి నుండి పిండిమర. పగలు దాని చప్పుడు ఎడమ చెవికి వస్తుంది. మర దాటగానే తారు ఆగి మట్టి. తరువాత పిల్లకాలువ, కల్వర్టు క్రింద నీళ్ళ చప్పుడు. కల్వర్టు దాటగానే ఎడమకు డొంక. డొంకలో బండి గాడి రెండు పక్కలా, మధ్యలో గడ్డి. మిరప ఘాటు ముక్కుకు తగిలితే మన చేను వచ్చినట్లే. తిరిగి వచ్చి ఇదంతా పాపకు చెప్పాము. పాప రెండుసార్లు చెప్పించుకొని, తిరిగి మాకు అప్పజెప్పింది.

తెల్లవారి ఎనిమిది గంటలకు బయలుదేరింది. ఆ రోజు పిల్లలను కూడా కావలికి రావద్దన్నది. అరుగు మీద ఇద్దరము కూర్చున్నాము. అన్నం పొయ్యి మీద మాడిపోయింది, ఎవరమూ లేవలేదు. నలభై నిమిషాలకు ఫోను మోగింది. "నాన్నా, మిరప ఘాటు వచ్చింది. రూబమ్మ తుమ్ముతున్నది. వచ్చేశాము" అన్నది. వెనుక కూలివాళ్ళ నవ్వులు వినబడ్డాయి.

"ఆలస్యమయిందేం తల్లీ?"

"కల్వర్టు మీద రూబీ ఆగిపోయింది. ఎంత చెప్పినా కదలలేదు. కాలితో తడిమి చూస్తే ఎడమ పక్క పిట్టగోడ లేదు. మీరు చెప్పలేదు. దాన్నే నమ్మి కుడికి జరిగి దాటాము."

ఆ గోడ 2023 తుపానుకు పడిపోయింది. మేము రోజూ దాని పక్కనుండే వెళుతున్నాము. చూపున్న మాకు అది కనబడనే లేదు. బిడ్డకు దారి చెప్పడంలో మేము మరచినది ఆ మూగజీవి సరిచేసింది. ఆ ఉదయం మేము అరుగు మీద కూర్చునే మోకరించినంత పని చేశాము.

పాప జనవరి నెలాఖరుకు తిరిగి వెళ్ళిపోయింది. గన్నవరంలో మేము చెయ్యి పట్టుకోలేదు. పాపే వచ్చి మమ్మల్ని కౌగలించుకొని, పిడి పట్టుకొని, "ఫార్వర్డ్" అని లోపలికి నడిచింది.

ఇటువంటి కుక్కను మన పల్లెల్లో మేము మరొకటి చూడలేదు. అందరికీ దొరకదు, అందరూ పోషించలేరు కూడా. కాని తెల్ల చేతికర్ర కొనడం అంత కష్టం కాదు. చూపులేని బిడ్డ మీ ఇంట్లో గాని, మీ సంఘంలో గాని ఉంటే, దయచేసి చెయ్యి లాగవద్దు. మీ పేరు చెప్పి, కావాలా అని అడిగి, మీ మోచెయ్యి అందించండి. ఆ బిడ్డకు ఇంటి దారి, బావి దారి, బడి దారి, చేను దారి నోటితో చెప్పండి. చెప్పాలంటే ముందు మీరు ఆ దారిని నేర్చుకోవాలి. అలాగే నర్సమ్మ వచ్చిన రోజున చేని పని ఆపండి. తట్టు టీకా బిడ్డకు తొమ్మిది నెలలు నిండగానే ఒకసారి, ఏడాదిన్నర వయసులో మరొకసారి వేస్తారు. ఎ విటమిను చుక్కలు కూడా పోస్తారు. పురుగు ఒక రోజు ఆగుతుంది.

ఈ క్రిస్మసుకు మళ్ళీ వస్తామని పాప అంటున్నది. కల్వర్టుకు పిట్టగోడ కట్టించమని పంచాయతీకి అర్జీ ఇచ్చాము, ఇంకా కట్టలేదు. ప్రస్తుతానికి మేమే వెదురు గడలు అడ్డంగా కట్టి ఉంచాము. వారానికి ఒకసారి ఇద్దరము వెళ్ళి, కండ్లు మూసుకొని, చేత్తో తడిమి చూచి వస్తున్నాము.